మిగిలిపోయిన 19 డాలర్లు: ఒక కీపర్ లీగు వేలం కేస్ స్టడీ

ఫ్యాంటసీ బేస్‌బాల్ అంటే అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్ ఆటగాళ్లను వేలంలో కొని, కాగితం మీద జట్లు కట్టి ఆడే ఆట. 2023 మార్చిలో మా లీగు వేలం ముగిసేసరికి జట్టులో 23 మందీ చేరిపోయారు, చేతిలో ఇంకా 19 డాలర్లు ఉన్నాయి. ఇంటి ఖర్చులో అంత మిగిలితే సంతోషించవచ్చు. వేలంలో మిగిలితే అది నష్టం. ఆ డబ్బు మరుసటి ఏడాదికి రాదు, సీజన్ మధ్యలో దేనికీ అక్కరకు రాదు. చివరి పాట ముగిసిన క్షణంలో దాని విలువ సున్నా.

అంతకు రెండు గంటల ముందు రొనాల్డ్ అకున్యా జూనియర్ పాట నడిచింది. ఏ ఆటగాడు ఎంత చేస్తాడో ముందే రాసుకున్న మా పట్టికలో అతని విలువ 36 డాలర్లు. ఎదుటివారు 37 అన్నారు, నేను ఆగిపోయాను. 38కి అతను వేరే జట్టుకు వెళ్లాడు. ఆ ఏడాది అకున్యా 41 హోమ్ రన్లు (మన సిక్సర్ లాంటివి) కొట్టి, 73 బేస్‌లు స్టీల్ చేసి (బంతిని ఎవరూ కొట్టకముందే తర్వాతి బేస్‌కు పరుగెత్తి చేరి) నేషనల్ లీగ్ ఎంవీపీ, అంటే అత్యుత్తమ ఆటగాడు, అయ్యాడు. ఒకే సీజన్‌లో 40 హోమ్ రన్లు, 70 స్టీల్స్ అంతకుముందు ఎవరూ సాధించలేదు. ఆ పాటలో మాకు తక్కువైనవి రెండు మూడు డాలర్లు, చివరికి మిగిలినవి 19.

ఈ కేసు 2024 వేలానిది. ముందటి ఏడాది చేసిన ఆ ఒక్క తప్పును సరిదిద్దుకోవాలనే పట్టుదలతో కూర్చున్నాం. ఎక్కడ సరిదిద్దుకున్నామో, తెలిసి కూడా ఎక్కడ తప్పామో లెక్కలతో సహా రాస్తున్నాను.

లీగు ఎలా నడుస్తుంది

జట్టు నాదీ, నా బావమరిదిదీ. నేను న్యూజెర్సీలో ఉంటాను, అతను డాలస్‌లో. 2019లో నా ఆఫీసు మిత్రులు నడిపే ఈ లీగులో ఒక స్థానం ఖాళీ అయితే ఇద్దరం కలిసి చేరాం. మొత్తం 12 జట్లు. ఒక్కో జట్టుకు 260 డాలర్లు, 23 మంది ఆటగాళ్లు: 14 మంది బ్యాటర్లు, తొమ్మిది మంది పిచర్లు (బంతి విసిరేవారు). ఈ 260 సంఖ్య మేము పెట్టుకున్నది కాదు. 1980లో డేనియల్ ఓక్రెంట్, ఆయన మిత్రులు న్యూయార్క్‌లో మొదలుపెట్టిన రోటిస్సరీ బేస్‌బాల్ నుంచి వచ్చిన సంప్రదాయం. వారు కలుసుకునే భోజనశాల పేరే ఆటకు పేరైంది.

పది విభాగాల్లో పోటీ. బ్యాటింగ్‌లో సగటు, హోమ్ రన్లు, పరుగులు, ఆర్‌బీఐలు (తన బ్యాటింగ్‌తో జట్టుకు తెచ్చిన పరుగులు), స్టీల్స్. పిచింగ్‌లో విజయాలు, సేవ్‌లు (జట్టు ఆధిక్యాన్ని కాపాడి ఆట ముగించడం), స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్‌ను అవుట్ చేయడం), ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కు పిచర్ ఖాతాలో పడే పరుగుల సగటు), విప్ (ఒక్కో ఇన్నింగ్స్‌కు హిట్లతో, వాక్‌లనే ఉచిత బేస్‌లతో బేస్ చేరనిచ్చిన బ్యాటర్ల సగటు). ఈ చివరి రెండూ ఎంత తక్కువైతే అంత మంచిది. ప్రతి విభాగంలో మొదటి స్థానానికి 12 పాయింట్లు, చివరి స్థానానికి ఒకటి. నిజమైన మేజర్ లీగ్ ఆటగాళ్లు ఆరు నెలలు ఆడినదాన్ని బట్టి మా పాయింట్లు మారుతూ ఉంటాయి.

కీపర్ అనగానే మనవాళ్లకు వికెట్ కీపర్ గుర్తుకొస్తాడు. ఇక్కడ కీపర్ అంటే వేలానికి వదలకుండా జట్టు నిలుపుకున్న ఆటగాడు. మా లీగులో ఆరుగురి వరకు నిలుపుకోవచ్చు. ముందటి ఏడాది ధరకు ఐదు డాలర్లు కలిపి కట్టాలి. సీజన్ మధ్యలో ఉచితంగా తెచ్చుకున్నవారి ధర ఐదుగా లెక్క, కాబట్టి మరుసటి ఏడాది పది.

ఐపీఎల్ వేలం చూసేవారికి దీని లోగుట్టు వెంటనే అందుతుంది. 2023 డిసెంబరులో దుబాయ్‌లో జరిగిన చిన్న వేలంలో మిచెల్ స్టార్క్‌ను కోల్‌కతా 24.75 కోట్లకు, ప్యాట్ కమిన్స్‌ను సన్‌రైజర్స్ హైదరాబాద్ 20.50 కోట్లకు కొన్నాయి. అంత ధరలు ఎందుకు పలికాయి? జట్లు తమకు కావలసినవారిలో చాలామందిని ముందే అట్టిపెట్టుకున్నాయి. పాటకు వచ్చిన పెద్ద ఆటగాళ్లు కొద్దిమంది, సంచుల్లో మిగిలిన సొమ్ము ఎక్కువ. ఆ సొమ్ము వెళ్లడానికి వేరే దారి లేదు. మా లీగులో ప్రతి మార్చిలో జరిగేది ఇదే. 2023లో అకున్యా దగ్గర నేను మరిచిపోయిందీ ఇదే.

ఫిబ్రవరి: ఎవరిని నిలుపుకోవాలి

ముందు ధరల పట్టిక. రాబోయే సీజన్‌లో ఎవరు ఎలా ఆడతారో చెప్పే స్టీమర్, జిప్స్ వంటి అంచనాలు బయట దొరుకుతాయి. వాటి సగటు తీసి, మా లీగు గత సీజన్ల పాయింట్ల పట్టికతో పోల్చి, ఏ విభాగంలో ఒక మెట్టు ఎక్కడానికి ఎన్ని హోమ్ రన్లు కావాలో, ఎన్ని స్టీల్స్ కావాలో తేల్చుకుంటాం. పన్నెండు జట్లకూ కలిపి 276 మంది కావాలి. 276వ ఆటగాడి విలువ ఒక డాలరు, 277వ వాడిది సున్నా. అందరి విలువలూ కలిపితే 3,120 డాలర్లు రావాలి. లీగు మొత్తం డబ్బు అంతే కనుక.

మా చేతిలో ఉన్నవారు వీరు. కార్బిన్ కారల్: 2023లో 17కు కొన్నాం, ఇప్పుడు 22. పట్టికలో 40. తొలి పూర్తి సీజన్‌లోనే 25 హోమ్ రన్లు, 54 స్టీల్స్ సాధించిన కుర్రవాడు. గన్నర్ హెండర్సన్ ధర 16, విలువ 26. స్పెన్సర్ స్ట్రైడర్‌ను 2022లో ఉచితంగా తెచ్చుకున్నాం. రెండేళ్లు పెరిగినా 15 మాత్రమే, విలువ 34. ముందటి ఏడాది 281 స్ట్రైకౌట్లు అతనివి. ఎల్లీ డి లా క్రూజ్ 2023 జూన్‌లో మేజర్ లీగ్‌లో అడుగుపెట్టిన నాడే తెచ్చుకున్నాం. ధర పది, విలువ 24. ఈ నలుగురి విషయంలో చర్చే లేదు.

అయిదో పేరు రాయిస్ లూయిస్ మీద ఇద్దరం వారం రోజులు వాదించుకున్నాం. ధర పది, విలువ 19. నా సందేహమంతా మోకాలి గురించి. అప్పటికే ఒకే మోకాలికి రెండుసార్లు శస్త్రచికిత్స జరిగింది.

“బావా, పట్టికలో 19 వేసింది మీరే కదా. గాయాలవుతాయని తగ్గించిన తర్వాతే ఆ 19 వచ్చింది. మళ్లీ భయపడితే ఒకే భయాన్ని రెండుసార్లు లెక్కవేసినట్టు” అన్నాడు బావమరిది.

అతని మాట సరైనది. లూయిస్‌ను ఉంచాం.

ఆరో పేరు జార్జ్ కర్బీ. ధర 18, పట్టిక విలువ 19. చూడటానికి ఒక్క డాలరు లాభం. ఆ ఒక్క డాలరు కోసం ఒక స్థానాన్ని ముందే కట్టిపడేయడం ఎందుకని చాలామంది వదిలేస్తారు, 2023లో మేమూ అలాగే ఒకరిని వదిలేశాం. ఈసారి మిగతా జట్లు ఎవరిని ఉంచుకుంటున్నాయో తెలిసేదాకా ఆగి, లెక్క వేశాం.

లీగు మొత్తంలో 64 మంది కీపర్లు. వారికి కట్టిన సొమ్ము 742 డాలర్లు. పట్టిక ప్రకారం వారి అసలు విలువ 1,150. అంటే వేలానికి మిగిలిన డబ్బు 2,378, మిగిలిన ఆటగాళ్ల విలువ 1,970. ఒక డాలరు సరుకుకు సుమారు డాలరు ఇరవై సెంట్లు వెంటపడుతున్నాయి. ఇదే మా గదిలోని ద్రవ్యోల్బణం.

ఇక్కడితో ఆగితే సగం లెక్కే. ఒక డాలరు ఆటగాడు ద్రవ్యోల్బణం ఎంత ఉన్నా ఒక డాలరుకే వస్తాడు. ఇంకా నింపవలసిన 212 స్థానాలకు తలా ఒక డాలరు పక్కన పెడితే, 1,758 డాలర్ల విలువ కోసం 2,166 డాలర్లు పోటీపడుతున్నాయి. మొదటి డాలరు దాటిన ప్రతి డాలరూ 23 శాతం పెరుగుతుందన్నమాట. ఈ లెక్కన కర్బీ వేలంలోకి వెళితే 23 పలుకుతాడు. మాకు 18కే వస్తున్నాడు. ఒక్క డాలరు అనుకున్న లాభం అయిదు డాలర్లైంది. పైగా 2023లో 190కి పైగా ఇన్నింగ్స్ వేసి 19 వాక్‌లు మాత్రమే ఇచ్చిన పిచర్ అతను. విప్ విభాగానికి అంతకన్నా నిలకడైన ఆధారం దొరకదు. ఉంచాం.

ఆరుగురికీ కలిపి 91 డాలర్లు. విలువ 162. చేతిలో 169, నింపవలసిన స్థానాలు 17.

పట్టిక చెప్పనిది

23 శాతం అనేది సగటు. ఆ సగటు ఎవరి మీదా సమంగా పడదు. మా పట్టికలోని మొదటి 20 మందిలో 13 మంది కీపర్లుగా వెళ్లిపోయారు. మిగిలింది ఏడుగురు. ప్రతి జట్టు చేతిలోనూ కనీసం ఒక పెద్ద ఆటగాడికి సరిపడా డబ్బుంది. మధ్య శ్రేణిలో, అంటే ఎనిమిది నుంచి 15 డాలర్ల మధ్యలో, ఒకరు పోతే అలాంటివారే మరో నలుగురు ఉంటారు. అక్కడ ఎవరూ తొందరపడరు. కాబట్టి ధరల పెరుగుదల కొండ మీద కురిసిన వాన కిందికి జారినట్టు ఉండదు, పైనే గడ్డకట్టుకుంటుంది. మొదటి వరుసలో 30 శాతం దాకా పోయి, మధ్యలో పట్టిక ధరకే దొరుకుతుందని మా అంచనా. పాత వేలాల కాగితాలు తీసి చూస్తే ప్రతి ఏడాదీ అదే నడక. అయిదేళ్లుగా మా కళ్ల ముందే ఉన్న ఆ కాగితాలను అంతవరకు తిరగెయ్యలేదు.

దాన్నిబట్టి పథకం: హోమ్ రన్లు, ఆర్‌బీఐలు తెచ్చే ఒక పెద్ద బ్యాటర్‌ను పట్టికకు ఎంత పైనైనా సరే కొనడం, మొదటి బేస్‌కు మరొక బలమైన బ్యాటర్, తర్వాత మధ్య శ్రేణిలో ఓపికగా కూర్చోవడం.

స్టీల్స్ కోసం డబ్బు పెట్టకూడదని కూడా నిర్ణయించుకున్నాం. కారల్, డి లా క్రూజ్ ఉండగానే ఆ విభాగం సగం నిండింది. దానికి తోడు 2023లో నియమాలు మారాయి. బేస్ వెడల్పు 15 నుంచి 18 అంగుళాలైంది, రన్నర్‌ను బేస్‌కు అంటిపెట్టడానికి పిచర్ చేసే ప్రయత్నాలకు పరిమితి వచ్చింది, పిచ్ క్లాక్ (బంతి విసరడానికి గడువు) వచ్చింది. 2022లో మేజర్ లీగ్ మొత్తంలో 2,486 స్టీల్స్, 2023లో 3,503. ఒకప్పుడు 30 స్టీల్స్ చేసే ఆటగాడు అరుదైన సరుకు, ఇప్పుడు కాదు. అయినా మా లీగులో సగంమంది పాత ధరలే కడుతున్నారు.

మార్చి 23, శనివారం

లీగు నడిపే మిత్రుడి ఇంటి బేస్‌మెంట్‌లో పొడవాటి బల్ల. పదకొండు మంది అక్కడే, బావమరిది మాత్రం నా ఫోనులో. అతని చేతిలో అందరి మిగులు డబ్బు లెక్క, నా చేతిలో పట్టిక. ఎవరి వంతు వచ్చినప్పుడు వారు ఒక పేరు చెప్పి పాట మొదలుపెట్టాలి.

మా మొదటి వంతుకు మైక్ ట్రౌట్ పేరు చెప్పాం. మాకు అతను అక్కర్లేదు. ఆయన ఆటంటే నాకు ఎంతో గౌరవం, ఆ తరం మొత్తంలో అంతటి ఆటగాడు లేడని నమ్ముతాను. కానీ ముందటి సీజన్‌లో 82 ఆటలే ఆడాడు. మా పట్టికలో విలువ 17. పేరుకున్న బరువుతో 23 దాకా వెళ్లాడు. మాతో పోటీపడే ఒక జట్టు సంచి 23 డాలర్లు తేలికైంది. తొలి గంటలో ఎప్పుడూ మనకు అక్కర్లేని పెద్ద పేర్లే చెప్పాలన్నది మేము ఏళ్లుగా పాటిస్తున్న నియమం, ఈసారి కూడా పనిచేసింది.

తర్వాత కొద్దిసేపటికే, బ్యాటింగ్, పిచింగ్ రెండూ చేసే షోహెయ్ ఓటాని పేరు వచ్చింది.

ఆ వారం పరిస్థితి గుర్తుచేయాలి. మూడు రోజుల క్రితం సియోల్‌లో డాడ్జర్స్ తొలి ఆట ఆడిన రోజునే అతని అనువాదకుడిని జూదం వ్యవహారంలో తొలగించారు. వార్తలు గంటకో తీరుగా వస్తున్నాయి. విచారణ ఎటు పోతుందో, ఓటాని ఆడతాడో లేదో అన్న అనుమానం గదిలో అందరి ముఖాల్లోనూ ఉంది. మోచేతి శస్త్రచికిత్స వల్ల ఆ ఏడాది అతను పిచింగ్ చెయ్యడు. మా లీగులో అతన్ని యుటిలిటీ స్థానంలో (ఏ బ్యాటర్‌నైనా పెట్టగల స్థానం) తప్ప ఎక్కడా వాడలేం. మా పట్టికలో 34. గది ధరలో, అంటే ద్రవ్యోల్బణం కలిపితే, దాదాపు 42.

పాట 36 దగ్గర నెమ్మదించింది. 37 అన్నారెవరో.

“38 అనండి బావా. 42 అని మనమే కదా రాసుకున్నాం” అన్నాడు బావమరిది ఫోనులో.

నేను అనలేదు. యుటిలిటీ స్థానం నిండిపోతే తర్వాత చవగ్గా దొరికే బ్యాటర్‌ను ఎక్కడ పెడతామని ఆలోచించాను. నిజం చెప్పాలంటే ఆ ఆలోచన సాకు మాత్రమే. వార్తకు జంకాను. ఆ భయానికి ఎంత ధర కట్టాలో లెక్క వేసి 42 నుంచి తగ్గించి ఉంటే అది నిర్ణయం అనిపించుకునేది. నేను లెక్క వేయలేదు, నోరు మూసుకున్నాను. 37కే పాట ముగిసింది. పెద్ద ఆటగాళ్లందరూ పట్టికకు 30 శాతం పైన పలికిన గదిలో ఇతనొక్కడే తొమ్మిది శాతం పైన అమ్ముడుపోయాడు.

ఆరన్ జడ్జ్ దగ్గర మాత్రం తడబడలేదు. 2023లో కాలి వేలి గాయం వల్ల 106 ఆటలే ఆడినా 37 హోమ్ రన్లు కొట్టాడు. పట్టికలో 33, గది ధర 40. మొదటి వరుసలో మిగిలిన బ్యాటర్లు అప్పటికి ఇద్దరే. మరో రెండు జట్ల దగ్గర డబ్బు నిండుగా ఉంది. 40 దాటింది, 41, 42. నేను 43 అన్నాను. పట్టికకు పది డాలర్లు పైన. గదిలో ఒకరిద్దరు తలెత్తి చూశారు. 2023లో అయితే ఆ చూపులకే ఆగిపోయేవాణ్ని.

పీట్ అలోన్సో 29కి వచ్చాడు, సరిగ్గా గది ధర. సేవ్‌ల కోసం రయన్ హెల్స్‌లీ 13, అలెక్సిస్ డియాజ్ 11. క్లోజర్ల (ఆట చివర్లో దిగి సేవ్‌లు తెచ్చే పిచర్ల) మీద ఇంతకన్నా పెట్టడం నాకు ఇష్టం ఉండదు. వారి ఉద్యోగం ఒక్క చెడు వారంతో ఊడిపోతుంది.

మధ్య శ్రేణికి వచ్చేసరికి అంచనా వేసినట్టే గది చల్లబడింది. జో రయన్ పట్టిక ధర 12కే వచ్చాడు. బ్రాండన్ నిమ్మో పదికి. క్యాచర్ (మన వికెట్ కీపర్ లాంటి స్థానం) కాల్ రాలీ 12కు. క్యాచర్ల గురించి ఒక మాట. ఒక్కో జట్టుకు ఇద్దరు కావాలి, అంటే 24 మంది. చివరి ఏడెనిమిది మంది జట్టు సగటును కిందికి లాగడం తప్ప చేసేది ఏమీ ఉండదు. రోజూ ఆడుతూ 30 హోమ్ రన్లు కొట్టే క్యాచర్ ఆ స్థానంలో ఎంత తేడా తెస్తాడో మామూలు పట్టికల్లో కనిపించదు.

ఆ తర్వాత రెండో తప్పు జరిగింది. డాడ్జర్స్ యువ పిచర్ బాబీ మిల్లర్ పాటకు వచ్చాడు. పట్టికలో పది. నేను 12 దాకా వెళ్లాను. కారణం అతని మీద 2024లో ఉన్న నమ్మకం కాదు, 2025లో కీపర్ అవుతాడన్న ఆశ. కీపర్ లీగుల్లో కుర్రవాళ్ల ధరలో ఈ ఆశ ఎప్పుడూ కలిసే ఉంటుంది. లెక్క చూడండి: 12కు కొంటే వచ్చే ఏడాది 17. ద్రవ్యోల్బణం కలిపి చూసినా, ఆ ధరకు ఉంచుకోవడం లాభం కావాలంటే అతని పట్టిక విలువ 14 దాటాలి. అంటే ఒక్క ఏడాదిలో 40 శాతానికి పైగా పెరగాలి. ఎల్లీని పదికి ఉంచుకోగలగడానికి కారణం అతన్ని ఉచితంగా తెచ్చుకోవడం. వేలంలో పోటీపడి కొన్న కుర్రవాడు అరుదుగానే మంచి కీపర్ అవుతాడు. ఆ పది నిమిషాల్లోనే బ్రేవ్స్‌కు కొత్తగా మారిన క్రిస్ సేల్ పాట నడిచింది. గాయాలతో నాలుగేళ్లు పోగొట్టుకున్న 34 ఏళ్ల పిచర్. 2023లో 103 ఇన్నింగ్స్ కూడా వెయ్యకపోయినా 125 స్ట్రైకౌట్లు తీశాడు. మా పట్టికలో ఏడు. ఎనిమిదికి వెళ్లిపోయాడు. మిల్లర్ కోసం డబ్బు దాచుకుని నేను చెయ్యి ఎత్తలేదు.

చివరి గంటలో బ్రెంట్ రూకర్ నాలుగు డాలర్లకు, సెత్ లూగో రెండు డాలర్లకు వచ్చారు. మరో ఏడుగురికి 21 డాలర్లు. ఆఖరి ఆటగాడికి ఆఖరి డాలరు పెట్టాం. పిచర్ల మీద 86, బ్యాటర్ల మీద 174. మిగిలింది సున్నా.

సీజన్

మార్చి 28న, తొలి రోజే, రాయిస్ లూయిస్ మొదటి ఇన్నింగ్స్‌లో హోమ్ రన్ కొట్టి, కాసేపటికే తొడ కండరం పట్టేసి బయటికి వెళ్లాడు. మళ్లీ జూన్‌లో గానీ రాలేదు. మొత్తం 82 ఆటలు, 16 హోమ్ రన్లు. పది డాలర్లకు అది నష్టం కాదు, కానీ ఏప్రిల్, మే నెలలు ఖాళీ స్థానంతో గడిచాయి. రెండు ఆటలు వేసిన స్ట్రైడర్ మోచేయి దెబ్బతిని ఏప్రిల్‌లోనే సీజన్ మొత్తానికి దూరమయ్యాడు. 34 డాలర్ల విలువ రెండు వారాల్లో పోయింది. దీన్ని నిర్ణయంలోని లోపంగా నేను రాయను. 15 డాలర్లకు స్ట్రైడర్‌ను ఆ ఫిబ్రవరిలో ఎవరైనా ఉంచుకుంటారు, మళ్లీ అలాంటి సందర్భం వస్తే మేమూ ఉంచుకుంటాం.

మిల్లర్ తొలి ఆటలో ఆరు ఇన్నింగ్స్ వేసి 11 మందిని స్ట్రైకౌట్ చేశాడు. ఆ రాత్రి మా సంతోషానికి అవధుల్లేవు. తర్వాత భుజం నొప్పి, తిరిగి వచ్చాక వరుస దెబ్బలు. అతని సీజన్ ఈఆర్ఏ 8.52. సరిగ్గా ఆ విభాగంలోనే మేము వెనకబడ్డాం. సేల్ 18 విజయాలు, 2.38 ఈఆర్ఏ, 225 స్ట్రైకౌట్లతో నేషనల్ లీగ్‌లో ఉత్తమ పిచర్‌కు ఇచ్చే సై యంగ్ పురస్కారం అందుకున్నాడు. అంత ఆడతాడని ఎనిమిది డాలర్లకు కొన్నవారికీ తెలిసి ఉండదు. కానీ వారు ఆ ఏడాదికి అతనివ్వగలిగిన దానికి వెల కట్టారు, నేను వచ్చే ఏడాది కలకు కట్టాను.

జడ్జ్ 58 హోమ్ రన్లు, 144 ఆర్‌బీఐలు, .322 సగటు. పట్టికకు పది డాలర్లు ఎక్కువ పెట్టిన పాట అది. హెండర్సన్ 37 హోమ్ రన్లు కొట్టాడు. డి లా క్రూజ్ 67 స్టీల్స్ చేశాడు. కారల్ సీజన్ మొదటి సగమంతా తడబడి, తర్వాత కోలుకుని 22 హోమ్ రన్లు, 35 స్టీల్స్‌తో ముగించాడు. హెల్స్‌లీ 49 సేవ్‌లతో కార్డినల్స్ జట్టు రికార్డు నెలకొల్పాడు. రెండు డాలర్ల లూగో 206 ఇన్నింగ్స్‌కు పైగా వేసి మూడు ఈఆర్ఏతో 16 విజయాలు సాధించాడు. సీజన్ మొదట్లో పిచింగ్ కుప్పకూలిన మమ్మల్ని నిలబెట్టింది అతనే. నాలుగు డాలర్ల రూకర్ 39 హోమ్ రన్లు, 112 ఆర్‌బీఐలు.

చివరికి 88.5 పాయింట్లతో మూడో స్థానం. 2023లో మాది ఎనిమిదో స్థానం. 94.5తో గెలిచిన జట్టు ఓటానిని 37కు కొన్నది. అతను 54 హోమ్ రన్లు, 59 స్టీల్స్ చేశాడు. ఒకే సీజన్‌లో 50 హోమ్ రన్లు, 50 స్టీల్స్ చరిత్రలో అదే మొదటిసారి.

సెప్టెంబరులో ఇద్దరం కూర్చుని రెండు పాటలను పక్కపక్కన పెట్టి చూసుకున్నాం. జడ్జ్, ఓటాని. రెండింటికీ ఒకే పట్టిక, ఒకే ద్రవ్యోల్బణం లెక్క. జడ్జ్‌కు గది ధర కంటే మూడు డాలర్లు ఎక్కువ కట్టాం. ఓటాని గది ధర కంటే అయిదు తక్కువకు పోతుంటే చూస్తూ ఊరుకున్నాం. గది మొత్తం పెద్ద ఆటగాళ్ల కోసం వేలంవెర్రితో ఎగబడుతున్నప్పుడు మేమూ ధైర్యంగా పాడాం, గది జంకినప్పుడు మేమూ జంకాం. లాభం దొరికేది రెండో చోట. ఆ రోజు నుంచి మా పట్టికలో ఒక కొత్త గడి చేర్చాం. వేలానికి ముందు రోజు రాత్రి, అంటే వార్తలన్నీ తెలిసిన తర్వాత, ప్రతి పెద్ద ఆటగాడికీ అనుమానానికి ఎన్ని డాలర్లు తగ్గిస్తున్నామో అందులో అంకెగా రాయాలి. పాట నడుస్తున్నప్పుడు ఆ అంకెను మార్చకూడదు. ఓటానికి ఆ రాత్రి రాసి ఉంటే మూడో, నాలుగో డాలర్లు తగ్గించేవాళ్లం. అప్పుడు కూడా 38 వస్తుంది.

2025 ఫిబ్రవరి

కీపర్ల జాబితా చాలావరకు తేలిగ్గా తేలింది. హెండర్సన్ 21, డి లా క్రూజ్ 15, రూకర్ తొమ్మిది, లూగో ఏడు. జడ్జ్‌ను 48కి కూడా ఉంచాం. పట్టికలో అంతకన్నా తక్కువే, గది ధరలో ఎక్కువ. ఆరో పేరు దగ్గర మళ్లీ ఆగాం. కాల్ రాలీ. 12కు అయిదు కలిపితే 17. పట్టికలో 15.

బావమరిది ఈసారి వద్దన్నాడు. “పట్టిక కన్నా రెండు డాలర్లు ఎక్కువ బావా. సగటు .220. వేలంలోనే చూసుకుందాం.”

కర్బీ లెక్క అతనికి గుర్తుచేశాను. కిందటి ఏడాది ద్రవ్యోల్బణమే ఉంటుందనుకుంటే 15 విలువ గల ఆటగాడు వేలంలో 18 పలుకుతాడు. మాకు 17కు వస్తున్నాడు. మిగులు ఒక్క డాలరు. రోజూ ఆడే క్యాచర్‌కు పట్టిక తక్కువ విలువ కడుతుందన్న నా నమ్మకాన్ని దానికి కలపలేదు. అతను కాసేపు ఆలోచించి సరేనన్నాడు. ఆ రాత్రే ఆరు పేర్లూ పంపించాం.

2025లో రాలీ 60 హోమ్ రన్లు కొట్టాడు. మేజర్ లీగ్ చరిత్రలో ఏ క్యాచరూ ఒక సీజన్‌లో అన్ని కొట్టలేదు. మేము పేరు పంపిన రోజున మా కాగితం మీద అతని పక్కన రాసి ఉన్నది: మిగులు, ఒక డాలరు.